హాల్లో పగడం, చేతిలో హస్తవాసి

సత్తెనపల్లి చెంచురామయ్య గారికి తెలుగులో రాని మాట ఒకటే ఉంది. అది "నాకు తెలియదు". ముప్పై ఏళ్ళుగా పురుగుమందుల కొట్టు నడుపుతున్నా ఆ మాటతో ఆయనకి పని పడలేదు. రైతు వచ్చి కౌంటరు మీద ఒక మిరపాకు పెడతాడు. ఈయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ఆకు తిరగేసి, వాసన చూసి, ఒకసారి వీధి వైపు చూస్తాడు. వీధిలో ఏమీ ఉండదు. కాని ఆ చూపు లేకపోతే రైతుకి నమ్మకం కుదరదు. ఆ తర్వాత "నల్లి" అంటాడు, లేదా "తామర పురుగు" అంటాడు, ఎటూ తేలకపోతే రెండూ కలిపి అంటాడు. నాలుగు రకాల మందులు తీసి వరసగా పెడతాడు. నాలుగింట్లో ఏదో ఒకటి పనిచేస్తుంది. ఏది పనిచేసిందో రైతుకీ తెలియదు, ఈయనకీ తెలియదు, చచ్చిన పురుక్కీ తెలియదు. పేరు మాత్రం చెంచురామయ్య గారికి వస్తుంది.

ఊళ్ళో ఆయన్ని డాక్టరు గారంటారు. చదివింది బీకాం. పూర్తి చేశానని ఆయన ఎప్పుడూ అనలేదు, చేశారా అని ఎవరూ అడగలేదు.

అసలు జనం వచ్చేది మందు కోసం కాదు, చేతి కోసం. మందుదేముంది, పక్క కొట్లోనూ అదే డబ్బా. చెంచురామయ్య గారిది హస్తవాసి గల చెయ్యి. ఆయన చేత్తో ఇస్తే పైరు లేస్తుందని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా గట్టి నమ్మకం. పనివాడు అందిస్తే రైతు పుచ్చుకోడు. డాక్టరు గారే పొట్లం చించాలి, పొడిని వట్టి వేళ్ళతో చిటికెడు తీయాలి, బొటనవేలితో నలిపి వాసన చూసి, "సరుకు అసలుదే" అని మళ్ళీ అందులోనే రాల్చాలి. ఆ చిటికె పడితేనే తెగులు పోతుంది. పెద్ద కమతాల వాళ్ళయితే బండి మీద పొలానికి తీసుకుపోయి, డ్రమ్ములో మొదటి విడత మందు ఆయన చేతే కలిపిస్తారు. చొక్కా మోచేతి పైదాకా మడిచి, డ్రమ్ములో చెయ్యి పెట్టి గిరగిరా తిప్పి, ఆ చేతిని పత్తిచేలో రెండుసార్లు విదిలించి, వాళ్ళిచ్చిన టీ తాగి వస్తాడు. పొట్లాల మీద కంపెనీ వాళ్ళు చేతి తొడుగుల బొమ్మ, ముక్కుగుడ్డ బొమ్మ, పుర్రె బొమ్మ వేస్తారు. పుర్రె బొమ్మ పురుగుల కోసమని ఆయన ఉద్దేశం.

ఇంత పేరున్న మనిషికి ఇంట్లో మాత్రం ఆ పేరు చెల్లదు. భార్య కోటిరత్నం ఆయన్ని ఒక్కనాడూ డాక్టరు గారనలేదు. ఎదురు మాట్లాడదు, అలాగని నమ్మినట్టూ ఉండదు. ఆయన చెప్పేదంతా విని, "సరేలెండి" అని వంటింట్లోకి వెళుతుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ "సరేలెండి"కి మందు కనిపెట్టలేకపోయాడు.

ఆయన జీవితంలోకి సముద్రం రావడానికి కారణం ఒక పురుగుమందుల కంపెనీ. అమ్మకాల లక్ష్యం దాటిన డీలర్లని ఆ కంపెనీ థాయిలాండ్ తీసుకెళ్ళింది. మిగతా డీలర్లు అక్కడ ఏమేం చూశారో మనకి అనవసరం, వాళ్ళ ఇళ్ళలోనూ ఆ సంగతి అడగలేదు. చెంచురామయ్య గారిని అడుగున అద్దం ఉన్న పడవ ఎక్కించారు. ఆయన కిందికి చూశాడు. నీళ్ళ అడుగున రంగురంగుల పగడాలు, వాటి మీద లక్షల పూలు, ఆ పూలు ఊపిరి తీసుకుంటున్నట్టు విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉన్నాయి. అవి పూలు కావనీ, ఒక్కొక్కటీ నోరున్న చిన్న జీవి అనీ పడవవాడు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. చెంచురామయ్య గారు పడవ దిగేదాకా తల ఎత్తలేదు. ఇంత పెద్ద పొలం, ఎవరూ మందు కొట్టకుండా ఇంత పచ్చగా ఎలా ఉందో ఆయనకి అంతుపట్టలేదు. ముందు అనుమానం వచ్చింది, తర్వాత ఆశ పుట్టింది.

తిరిగొచ్చిన వేసవిలోనే హాల్లో టీవీ ఉన్న చోట గాజు తొట్టె లేచింది. విజయవాడలో అలంకారపు చేపల కొట్టు నడిపే ప్రకాష్ అనే అతను మనుషుల్ని వెంటేసుకుని వచ్చి, నీలం లైట్లు, పంపులు, నీళ్ళు తిప్పే మోటార్లు బిగించిపోయాడు. తొట్టెకి మామూలు నీళ్ళు పనికిరావు, శుద్ధి చేసిన నీళ్ళలో ప్రత్యేకమైన ఉప్పు కలపాలన్నాడు.

"బాపట్ల దాకా పోతే సూర్యలంకలో ఎంత కావాలంటే అంత ఉంది గదండీ ఉప్పునీళ్ళు. కొనుక్కుని కలుపుకోవటమేంటి?" అంది కోటిరత్నం.

"అది మురికి సముద్రం. ఇది సైంటిఫిక్ సముద్రం."

"సరేలెండి."

ఆ సైంటిఫిక్ సముద్రంలో చిన్న చేపలు నాలుగు, రాళ్ళు కొన్ని, అన్నిటికీ నడుమ ఒక పగడం. దాని పేరు గోనియోపోరా. గుప్పెడంత రాయి మీద నుంచి పొడుగాటి కాడలు లేచి, ఒక్కో కాడ చివర చామంతిలా ఒక్కో పువ్వు. విదేశంలో తొట్టెలోనే పెంచిన తల్లి పగడం నుంచి తీసిన పిలక అని ప్రకాష్ కాగితాలు కూడా చూపించాడు. పేరు నోరు తిరగక కోటిరత్నం దాన్ని గోని అంది. ఇంట్లో అందరికీ అదే ఖాయమైపోయింది.

ఆ వేసవంతా గోని విరగబూసింది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెంచురామయ్య గారు తొట్టె ముందు కుర్చీ వేసి ఉపన్యాసం ఇచ్చేవాడు. సంబంధం మాట్లాడటానికి వచ్చిన పక్కింటి చుట్టాలు కూడా పగడాల జీవితం విని వెళ్ళారు. "నా చెయ్యి పడితే సముద్రమైనా సత్తెనపల్లిలో బతుకుతుంది" అనేవాడు. చెయ్యి పడటం అంటే మాట వరసకి కాదు. మధ్యాహ్నం భోజనానికి కొట్టు నుంచి రాగానే, రాత్రి కొట్టు కట్టేసి రాగానే, చెప్పులు విప్పీ విప్పకముందే తొట్టె మూత తీసి మోచేతి దాకా చెయ్యి దించి రాళ్ళు సర్దేవాడు, అద్దం తుడిచేవాడు, గోని దగ్గరికి మేత వదిలేవాడు. ఆ తర్వాత సబ్బుతో చేతులు మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కునేవాడు. కొన్ని పగడాలకి విషం ఉంటుందని ప్రకాష్ ముందే హెచ్చరించాడు. చెంచురామయ్య గారు అలాంటి జాగ్రత్తల్లో చాలా గట్టి మనిషి.

దసరా నాటికి మిరపచేలలో మందుల హడావుడి ముదిరింది. అప్పుడే గోనికి ఏదో అయింది.

పొద్దున లైటు వేయగానే మామూలుగానే విచ్చుకునేది. మధ్యాహ్నం రెండు దాటాక పూలు ముడుచుకుని కాడలతో సహా రాతిలోకి పోయేవి. సాయంత్రానికి బెరుకు బెరుగ్గా మళ్ళీ తలలు బయటపెట్టేవి. రాత్రి ఆయన ఇంటికొచ్చిన కాసేపటికి మళ్ళీ లోపలికి. ఒక్కోసారి మీద బంక లాంటి జిగురు కట్టేది. రానురాను పొద్దున విచ్చుకునే పూలు కూడా తగ్గిపోయాయి. ఒక పక్క రాయి తెల్లగా బయటపడింది.

ఏడో నెల నిండి పురుటికి పుట్టింటికి వచ్చిన కూతురు మాధురి ఆ తెలుపు మొదట చూసింది. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం, సెలవు పెట్టి వచ్చింది. రోజంతా సోఫాలో కాళ్ళు చాపుకుని గోని ఎదురుగానే కూర్చునేది. "నాన్నా, ఇది చచ్చిపోతోందేమో" అంది ఒకరోజు.

ఆ మాట ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. కడుపుతో ఉన్న పిల్ల కళ్ళెదుట హాల్లో ఒక ప్రాణం పోవడం మంచిది కాదని కోటిరత్నానికి దిగులు పట్టుకుంది. చెంచురామయ్య గారి దిగులు వేరు. ఊరి పంటలన్నిటికీ వైద్యం చేసే మనిషి తన హాల్లో పగడాన్ని బతికించుకోలేకపోయాడంటే ఇక కౌంటరు దగ్గర వీధి వైపు చూసి లాభం ఏముంటుంది? పైగా పుట్టబోయే బిడ్డ సంగతి ఒకటుంది. పుట్టగానే మంచి చేతి వాళ్ళు ఎవరైనా తేనె నాకిస్తే ఆ చేతి గుణం బిడ్డకి వస్తుందంటారు. మాధురి అత్తవారు ఒంగోలు వాళ్ళు. వియ్యపురాలు ఫోనులో కోటిరత్నంతో, "అన్నయ్య గారి హస్తవాసి మా ఒంగోలు దాకా తెలుసు వదినా, తేనె ఆయన చేతే నాకించాలి" అని మాట తీసుకుంది. ఆ రోజు నుంచి చెంచురామయ్య గారు కుడిచేతిని కొంచెం గౌరవంగా చూసుకుంటున్నాడు.

అందుకని గోని జబ్బు కనిపెట్టడం పరువు సమస్య అయింది.

ముందు ఆయన మధ్యాహ్నం ఎండకి మిరప తోట తలలు వాల్చే సంగతి గుర్తు చేసుకుని, ఇదీ అదేనని తేల్చాడు. లైటు తగ్గించాడు. గోనికి తగ్గలేదు. పోషకాల లోపం అన్నాడు. మేత రెట్టింపు చేశాడు. నీళ్ళు పచ్చబడ్డాయి. ఇక అలవాటైన మార్గంలోకి దిగాడు. ప్రకాష్ దగ్గర నాలుగు రకాల సీసాలు తెప్పించి ఒకేసారి పోశాడు. నాలుగింట్లో ఏదో ఒకటి పనిచేస్తుందనుకుంటే, నాలుగూ పనిచేసి ఒక చేప పైకి తేలింది.

ప్రకాష్ ఫోనులో ఓపిగ్గా అన్నీ అడిగాడు. "సార్, ఇంట్లో స్ప్రేలు, సెంట్లు, దోమల మందు, పురుగుల మందు లాంటివేమన్నా వాడతారా? పగడాలకి అవి అస్సలు పడవు."

"మా ఇంట్లోనా? బొద్దింకల మందు కూడా రానీనయ్యా" అన్నాడు చెంచురామయ్య గారు. అది అక్షరాలా నిజం. మందులన్నీ కొట్లోనే ఉంటాయి.

స్ప్రేల మాట వినగానే ఆయనకి దారి దొరికింది. కంపెనీ వాళ్ళు పొలంలో కొత్త మందు ప్రదర్శన పెట్టినప్పుడు ఒక సాలు మందు కొట్టకుండా వదిలేస్తారు, తేడా తెలియడానికి. అదే పద్ధతి ఇంట్లో మొదలుపెట్టాడు. ఇంట్లో వాళ్ళు చేసే పనులు ఒక్కొక్కటీ ఆపించి చూడటం. శుక్రవారం సాంబ్రాణి ఆగిపోయింది. గచ్చు తుడిచే ఫినాయిలు ఆగిపోయింది. మాధురి తలనూనె గది దాటి రావడానికి వీల్లేదు. ఎండుమిరపకాయల తాలింపు పెరట్లో పెట్టుకోమన్నాడు. పల్నాడు ఇంట్లో తాలింపు ఘాటు లేకుండా చేశాడంటే ఆ ప్రయోగం ఎంత తీవ్రమైనదో అర్థం చేసుకోవాలి. కోటిరత్నం స్టవ్వు మోసుకెళ్ళి బాదం చెట్టు కింద పెట్టుకుని కూరలు వండింది. ఇంట్లో ఆపకుండా మిగిలిన సాలు ఒకటే ఉంది. అది రోజూ రెండుసార్లు కొట్టు నుంచి ఇంటికొచ్చి తొట్టెలో చెయ్యి పెడుతోంది. దాన్ని ఆపి చూడాలని ఆయనకి తోచలేదు.

కార్తీక పౌర్ణమి వెళ్ళాక మూడో రోజున ఆయన పెద్ద పట్టకారుతో రాళ్ళు కదిలిస్తుంటే, గోని వెనకాల ఇసకలో ఏదో మెరిసింది. పైకి తీశాడు. పసుపు రాసిన పాత రాగి బిళ్ళ.

"ఇదెవరు వేశారు?"

కోటిరత్నం కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏటా కార్తీక పౌర్ణమికి ఆవిడ సూర్యలంక వెళ్ళి సముద్ర స్నానం చేసి, పసుపు కుంకాలతో రాగి బిళ్ళ సముద్రుడికి ఇచ్చి వస్తుంది. ఈసారి నెలలు నిండుతున్న పిల్లని వదిలి వెళ్ళలేకపోయింది. తెల్లవారకముందే తొట్టె ముందు దీపం పెట్టి, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుని, పిల్లకి సుఖంగా పురుడు రావాలని మొక్కి బిళ్ళ వేసింది. "సముద్రం సముద్రమే గదండీ. మీరే అన్నారు గదా, సైంటిఫిక్ అని" అంది.

చెంచురామయ్య గారికి పట్టరాని కోపమూ పట్టరాని సంతోషమూ ఒకేసారి వచ్చాయి. దొంగ దొరికింది. "రాగి. పగడానికి రాగి అంటే కాలకూట విషం. ఆ ముక్క తెలియని మనిషి ఈ ఇంట్లో ఉండబట్టి దీనికి ఈ గతి పట్టింది. మొక్కులట మొక్కులు. ప్రాణం తీసే మొక్కు" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అరుస్తూ ఆ బిళ్ళని మునివేళ్ళతో పట్టుకుని ఆవిడ ముఖం ముందు ఆడించాడు. ఆ పొద్దునే కొమ్మ కుళ్ళుకి కొట్టే రాగి మందు పొట్లాలు ఎన్ని చించాడో, ఆ మునివేళ్ళ గోళ్ళ సందుల్లో నీలం పచ్చ పొడి ఇంకా ఉంది.

"గోని దసరా నుంచీ ముడుచుకుంటోంది గదండీ" అంది కోటిరత్నం మెల్లగా. "నేను బిళ్ళ వేసింది మొన్న."

"విషం ముందూ వెనకా చూడదు."

కోటిరత్నం ఈసారి సరేలెండి అని కూడా అనలేదు. బిళ్ళ తీసుకుని దేవుడి గూట్లో పెట్టుకుంది. ఆ సాయంత్రం మాధురి చూస్తుండగా తొట్టె ముందు నిలబడి గోనికి చెంపలేసుకుంది.

రాగి ఎంత ఉందో నీళ్ళలో చుక్కలు వేసి చూసే పరీక్ష సామాను ప్రకాష్ పంపించాడు. రాగి ఉంటే నీళ్ళకి రంగు వస్తుంది. వచ్చింది. సగం నీళ్ళు మార్చారు. రంగు తగ్గింది. వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. బిళ్ళ విషం ఇసకలోకి ఇంకిపోయిందని చెంచురామయ్య గారు ప్రకాష్‌కి పాఠం చెప్పాడు. ప్రకాష్ "అయ్యుంటుంది సార్" అన్నాడు. కొనేవాళ్ళతో అతను కూడా ఎప్పుడూ వాదించడు.

గోని గుట్టు విప్పింది ప్రయోగం కాదు, బందు. అధికారులు తనిఖీల పేరుతో వేధిస్తున్నారని డీలర్ల సంఘం మూడు రోజులు కొట్లు మూయించింది. చెంచురామయ్య గారు ఆ మూడు రోజులూ ఇంట్లో లుంగీ కట్టుకుని, పెసరట్లు తింటూ, తొట్టె ముందు కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున్నే స్నానం చేసి తొట్టెలో చెయ్యి పెట్టాడు, రాళ్ళు సర్దాడు. గోని చలించలేదు. రెండో రోజు మధ్యాహ్నం కూడా ముడుచుకోలేదు. మూడో రోజుకి వేసవిలో కూడా చూడనంత నిండుగా పూసింది. కాడలు సాగి సాగి నీళ్ళలో ఊగుతున్నాయి. డీలర్ల బందుకి పగడం కూడా మద్దతు ఇచ్చిందని ఆయన సంఘం వాట్సాప్‌లో ఫొటో పెట్టి జోకు వేశాడు. అందరూ నవ్వుల బొమ్మలు పెట్టారు.

నాలుగో రోజు కొట్టు తెరవగానే రైతులు మూడు రోజుల ఆకులు పట్టుకుని ఎగబడ్డారు. వాళ్ళలో ముందున్నది ఆదాం. కొమెరపూడి వైపు కౌలుకి మిరప వేసే మనిషి, ఆయన చిటికె పడందే పొట్లం ముట్టడు. "తొందరగా కానీండి డాక్టరు గారూ, చెట్టు చెట్టంతా ఎండకపోతంది" అన్నాడు. చెంచురామయ్య గారు వరసగా పొట్లాలు చించి, చిటికెలు నలిపి, వాసనలు చూసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు.

మాధురి సోఫాలోంచి పిలిచింది. "నాన్నా, ఒక్క క్షణం. ఇదివరకు ఇట్లా ఎప్పుడన్నా ఉందా చూడు."

నిజంగానే లేదు. చెంచురామయ్య గారు మురిసిపోయి, పక్కకి ఒరిగిన చిన్న రాయి సరిచేద్దామని చెయ్యి దించాడు. వేళ్ళకి దగ్గరగా ఉన్న పూలు చప్పున ముడుచుకున్నాయి. చెయ్యి ఎడమకి జరిపాడు, ఎడమ పక్కవి ముడుచుకున్నాయి. కుడికి జరిపాడు, కుడి పక్కవి. చెయ్యి ఎటు పోతే అటు, భయపడ్డ జనం తలుపులు వేసుకున్నట్టు వరసగా లోపలికి పోయాయి. ఆయన చెయ్యి బయటికి తీసి వెలుగులో చూసుకున్నాడు. గోటి అంచున తడిసిన నీలం పచ్చ పొడి సన్నగా జారుతోంది.

అలవాటుగా వీధి వైపు చూడబోయాడు. హాల్లోంచి వీధి కనపడదు.

ఆయన వంటింట్లోకి పోయాడు. గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి అందులో వేళ్ళు కడిగి, పరీక్ష చుక్కలు ఆ నీళ్ళలో వేశాడు. తొట్టె నీళ్ళకి వచ్చే రంగు లేతగా ఉండేది. ఈ గ్లాసులో రంగు చూస్తుండగానే చిక్కబడింది. చుక్కలకి దొరికింది రాగి ఒక్కటే, దొరకనివి ఆ చేతిలో ఇంకెన్ని ఉన్నాయో ఆయనకి తెలుసు, అన్నీ ఆయనే అమ్ముతాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చేత్తోనే కొట్లో పొట్లాలు చించి, ఆ చేత్తోనే టీ గ్లాసు పట్టుకుని, ఆ చేత్తోనే చిన్నప్పుడు మాధురికి గోరుముద్దలు పెట్టాడు. గ్లాసు గబగబా తూములో కుమ్మరించి కుళాయి తిప్పాడు.

"ఏంటండీ అది?" అంది వెనకనుంచి కోటిరత్నం.

"చెప్పాగా. నీ రాగి బిళ్ళ. దాని విషం ఇంకా దిగలేదు" అన్నాడు. అన్నాక తలెత్తి ఆవిడ ముఖం చూడలేదు.

ఆ వారంలోనే భుజం దాకా వచ్చే రబ్బరు తొడుగులు తెప్పించాడు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, తొడుగులు వేసుకుని తప్ప తొట్టె మూత ముట్టడం లేదు. గోని నెల తిరక్కుండా తెల్ల మచ్చ పూడ్చుకుంది. ఇది తన చికిత్స అని ఆయన ఎవరితోనూ అనలేదు, అందరూ అనుకుంటుంటే కాదని కూడా అనలేదు. సాంబ్రాణికీ, తాలింపుకీ మళ్ళీ అనుమతి దొరికింది. బాదం చెట్టు కింది స్టవ్వు వంటింట్లోకి వచ్చింది.

పగడానికి తొడుగులు దొరికాయి సరే, రైతుల సంగతేంటని అడగొచ్చు. ఆయన ప్రయత్నించకపోలేదు. ఒకరోజు కొట్లో కూడా తొడుగు వేసుకుని కూర్చున్నాడు. మొదట వచ్చింది ఆదాం.

"ఇదేందండీ డాక్టరు గారూ, చేతికేమన్నా దెబ్బ తగిలిందా?"

"లేదయ్యా, జాగ్రత్త కోసం. నువ్వు కూడా వేసుకోవాల. పొట్లం మీద బొమ్మ ఉంటది చూడు."

ఆదాం నవ్వాడు. "ఇన్నేళ్ళు లేని జాగ్రత్త ఇప్పుడేందండీ. డ్రమ్ములో చెయ్యి పెట్టి కలిపితేనే మందు కలుస్తదని మా నాయనకి చెప్పింది మీరే గదా. తొడుగేసుకుని ఇస్తే పనోడు ఇచ్చినట్టే. మీ చెయ్యి పడాల." అని పొట్లం ఆయన ముందుకి తోశాడు. వెనకాల ఇంకో పదిమంది చూస్తున్నారు. పక్క కొట్టువాడు కూడా మెడ సాచి చూస్తున్నాడు.

నిజం చెప్పడానికి అది మంచి సమయం. రెండు మాటల్లో అయిపోయేది. చెంచురామయ్య గారు తొడుగు విప్పి సొరుగులో పడేసి, పొట్లం చించి, చిటికెడు తీసి నలిపాడు. తొడుగు విప్పడానికి ఆయనకి పెద్దగా సమయం పట్టలేదు.

పుష్యమాసంలో గుంటూరు నర్సింగ్ హోములో మాధురికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. కోటిరత్నం మొక్కు ఫలించింది, ఏ సముద్రం ఆలకించిందో మనకి తెలియదు. పిల్ల పుట్టిందని ఫోను రాగానే చెంచురామయ్య గారు చెయ్యి కడుక్కున్నాడు. బస్టాండులో కుళాయి దగ్గర కడుక్కున్నాడు. ఆసుపత్రి మెట్లెక్కే ముందు కడుక్కున్నాడు. వార్డు బయట గోడకి తగిలించిన చేతులు శుభ్రం చేసే మందు రాసుకున్నాడు. అక్కడితో ఆగక మళ్ళీ బాత్రూమ్‌లోకి వెళ్ళాడు.

లోపలికి వచ్చేసరికి మాధురి నిద్రపోతోంది. కోటిరత్నం పాత చీర గుడ్డలో చుట్టిన పసిదాన్ని తెచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"తేనె వద్దన్నాడు డాక్టరు. సరే, తేనె లేకపోతే మానె. వియ్యపురాలికి మాటిచ్చాను. వట్టి వేలన్నా దాని పెదవికి ఆనించండి."

చెంచురామయ్య గారి చేతులు రెండూ వెనక్కి వెళ్ళిపోయాయి. వీపు వెనక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. పసిది కళ్ళు మూసుకునే నోరు తెరిచి వెతుక్కుంటోంది. ఆ నోరు ఎంత చిన్నదంటే, ఆయనకి గోని మీది పూలు గుర్తొచ్చాయి.

"నా చేత్తో వద్దు" అన్నాడు.

"ఏం? ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ ఆ చేత్తోనే ఇస్తున్నారుగా. మన పిల్లకి ఇవ్వటానికేం?"

ఆవిడ మామూలుగానే అడిగింది. సిగ్గు అనేది ఎలా ఉంటుందో ఆ వయసులో ఆయనకి కొత్తగా తెలిసింది. "అది నీ బిళ్ళ వల్ల కాదు కోటిరత్నం" అన్నాడు. "గోని ముడుచుకుంది నా చెయ్యి చూసి. కొట్లో మందు చెయ్యి. గ్లాసులో చుక్కలు వేసిన రోజే నాకు తెలిసింది. నీ మీద పెట్టాను."

కోటిరత్నం పసిదాన్ని భుజం మీదకి మార్చుకుంది. ఆశ్చర్యపోలేదు. "తెలుసు" అంది. "బిళ్ళ తీసేశాక కూడా మీరు వచ్చినప్పుడల్లా ముడుచుకుందిగా. బందు మూడు రోజులూ విచ్చుకుందిగా. మీరు తొడుగులు తెచ్చుకున్న రోజునే తేలిపోయింది. నాకు కళ్ళు లేవనుకున్నారా? మీ అంతట మీరు ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నా."

ఆయన తల దించుకున్నాడు. గుండెల మీది బరువు దిగినట్టే అనిపించింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి తనకి తెలిసింది ఒకరికి నిజంగా చెప్పాడు. ఇంతటితో అయిపోయిందనుకున్నాడు.

"నాకు చెప్పారు, సరే" అంది కోటిరత్నం. "ఊళ్ళో వాళ్ళకెప్పుడు చెప్తారు?"

అప్పుడే చొక్కా జేబులో ఫోను మోగింది. పలచటి జేబు గుడ్డలోంచి వెలుగుతున్న ఆదాం పేరు ఎదురుగా ఉన్న ఆవిడకి కనిపిస్తోంది. రేపు కొత్త మందు కొట్టాలని అతను నిన్ననే చెప్పి ఉన్నాడు, దానికి ఆయన చెయ్యి పడాలి. ఫోను మోగుతూనే ఉంది. అది తీయాలంటే చెంచురామయ్య గారు వెనకున్న చెయ్యి ముందుకి తేవాలి.